నెలవారీ మందుల బిల్లు తగ్గాలంటే యాప్ కూపన్లా, షాపు పాయింట్లా? (పర్లాకిమిడి – పాతపట్నం వైపు)

మహేంద్రతనయ గట్టు

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు నెలనెలా కొనాల్సినవి ఇవి: బీపీకి టెల్మిసార్టాన్ 40 హెచ్, షుగరుకు గ్లిమిపిరైడ్ 1 + మెట్‌ఫార్మిన్ 500 ఎస్సార్, కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ 10, థైరాయిడ్‌కు థైరాక్సిన్ 50, ఒకరికి ఇన్సులిన్ కార్ట్రిడ్జిలు. వీటికి తోడు షుగరు చూసుకునే స్ట్రిప్పులు, పెద్దవాళ్ల డైపర్లు. ఎమ్మార్పీ మీద లెక్క వేస్తే మాత్రలు 1600, ఇన్సులిన్ 900, స్ట్రిప్పులు 500, డైపర్లు 1000. మొత్తం 4000 రూపాయలు.

ఊళ్లో షాపులో అన్నిటి మీదా 12 శాతం తీస్తారు. యాప్‌లో "25 శాతం తగ్గింపు, గరిష్ఠం 300" అని కూపన్ కనిపిస్తోంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, సరిహద్దు దాటి ఆంధ్ర వైపు పాతపట్నంలో కొంటే ఇంకా తక్కువ పడుతుందని కొందరి మాట. గొలుసు షాపులవాళ్లు ఫోన్ నంబరు తీసుకుని పాయింట్లు ఇస్తామంటున్నారు. వీటిలో ఏది ఎంతవరకు గిట్టుబాటో లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. మూడు నెలలకు 199 కట్టే యాప్ సభ్యత్వం తీసుకోవచ్చా?

లెక్కల పంతులు

ముందు సరిహద్దు సంగతి తేల్చేద్దాం. అట్ట మీద అచ్చయ్యే ఎమ్మార్పీ దేశమంతా ఒకటే, జీఎస్టీ కూడా ఒకటే. పర్లాకిమిడిలో ఒక ధర, పాతపట్నంలో ఒక ధర ఉండదు. తేడా వచ్చేదల్లా షాపువాడు తన లాభంలోంచి ఎంత వదులుకుంటాడన్న దగ్గరే. నాలుగు షాపులు ఎదురుబొదురుగా ఉన్న వీధిలో ఎక్కువ వదులుతారు, ఒక్కటే షాపున్న చోట వదలరు. అది ఏ రాష్ట్రమన్నదానితో పని లేదు. ఆటో ఖర్చు కూడా కలుపుకుని చూడండి.

ఇక కూపన్. 25 శాతం అన్న అంకె పెద్దగా వేస్తారు, "గరిష్ఠం 300" అన్నది చిన్నగా ఉంటుంది. అసలు చూడాల్సింది రెండోదే. 300ను 25 శాతంతో భాగిస్తే 1200. అంటే 1200 వరకే ఆ కూపన్‌కు పూర్తి బలం, ఆ పైన కొన్న ప్రతి రూపాయికీ తగ్గింపు సున్నా. మీ 4000 అంతా ఒకే ఆర్డరులో పెడితే వచ్చే 300 మొత్తం మీద ఏడున్నర శాతం. ఊళ్లో షాపు 12 శాతం 480 అవుతుంది. షాపే మేలు.

విడగొడితే ఎలా ఉంటుందో చూడండి. యాప్‌లో సరిగ్గా 1200 సరుకు, దానికి 300 తగ్గింపు. మిగతా 2800 షాపులో, దానికి 336. మొత్తం 636. ఇందులోంచి డెలివరీ, హ్యాండ్లింగ్ అని చివరి పేజీలో కలిపేవి తీసేయాలి. అవి 75 అనుకుందాం. మిగిలేది 561. ఊళ్లో షాపుతో పోలిస్తే లాభం 81 రూపాయలు. రెండు చోట్ల కొని, పార్సిల్ కోసం కాచుకుని 81. ఓపికుంటే చేయండి, తప్పేం లేదు. కొత్త ఖాతాకు ఇచ్చే కూపన్ ఒక్కసారే పనిచేస్తుంది, రెండో నెలకు అంకె తగ్గుతుంది. కాబట్టి మొదటి నెల లెక్క చూసి ఏడాదికి గుణించకండి.

సభ్యత్వానికి: 199 కడితే మామూలు కంటే అదనంగా ఎంత శాతం ఇస్తారో చూడాలి. అదనం 5 శాతమైతే 199 వెనక్కి రావడానికే 3980 రూపాయల సరుకు కొనాలి. మీరు మూడు నెలల్లో 12000 కొంటారు కాబట్టి అంకెల్లో గిట్టుతుంది. కానీ ఆ 5 శాతం దేని మీద? ఎక్కువచోట్ల సొంత బ్రాండు సరుకు మీద ఎక్కువ, డాక్టరు రాసిన కంపెనీ మందు మీద తక్కువ. ఇన్సులిన్‌కు తగ్గింపు చాలాచోట్ల ఇంకా తక్కువ, కొన్నిచోట్ల అసలే లేదు. కట్టకముందే మీ మందులన్నీ బుట్టలో వేసి, సభ్యత్వం ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని చివరి పేజీ దాకా వెళ్లి చూడండి. డబ్బు కట్టే బటన్ ముందు ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

కౌంటర్ వెనక

మాస్టారి లెక్క బాగుంది. కౌంటరుకు ఇవతలి నుంచి కొన్ని మాటలు.

12 శాతం, 20 శాతం ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే బేరం ఆడటం తేలిక. ధరల నియంత్రణ కింద ఉన్న మందులకు 2013 నాటి ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర కట్టేటప్పుడు షాపుకు పడే ధర మీద 16 శాతం షాపువాడి వాటాగా కలుపుతారు. నియంత్రణ లేనివాటికి వ్యాపారంలో నడిచే వాటా 20. అంటే చిన్న షాపువాడు అన్నిటి మీదా 12 ఇస్తున్నాడంటే చేతిలో మిగిలేది కాస్తే, ఇంకా పిండితే రాదు. 40, 60 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టారంటే ఆ మందు ఎమ్మార్పీయే బాగా ఎత్తున వేసి ఉంటుంది, లేదా అది వాళ్ల సొంత బ్రాండు. అందులో మోసమేమీ లేదు, కానీ పోల్చాల్సింది శాతాన్ని కాదు. మాత్ర ఒక్కింటికి ఎంత పడింది, అంతే. 15 మాత్రల అట్టనూ 10 మాత్రల అట్టనూ పక్కపక్కన పెట్టి "ఇది చవక" అనుకునేవాళ్లు రోజూ వస్తారు.

నియంత్రణ కింద ఉన్న మందు గరిష్ఠ ధర ఫార్మా సహీ దామ్ అనే ప్రభుత్వ యాప్‌లో కనిపిస్తుంది. అందులో చూపేది జీఎస్టీ కలపని ధర, అది గుర్తుంచుకోండి.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి: 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద 12 శాతం పోయి 5 వచ్చింది. పాత లెక్కలో 112 ఉన్న అట్ట 105కు రావాలి. పాత అట్టల మీద కొత్త స్టిక్కరు వేయనక్కర్లేదు, షాపులో సవరించిన ధరల పట్టీ ఉంటే చాలన్నారు. కాబట్టి తయారీ తేదీ అంతకు ముందుదైతే అట్ట మీది పాత ఎమ్మార్పీ నుంచి తగ్గింపు తీశారా, కొత్త ధర నుంచి తీశారా అని బిల్లు చూడండి. పాత ధర మీద 10 శాతం తీస్తే మీకు నిజంగా వచ్చింది 4 శాతమే.

డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకోటి. కూపన్ కోసం కంపెనీ మార్చేటప్పుడు జనం పడిపోయేది పేరు చివరి అక్షరాల దగ్గర. మీరు రాసినదాంట్లో "హెచ్" అంటే టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కూడా ఉంది. ఏఎమ్ అని ఉంటే ఆమ్లోడిపిన్. ఏమీ లేకపోతే ఉత్త టెల్మిసార్టాన్. మూడూ వేరు మందులు. యాప్ వెతికే పెట్టెలో "టెల్మిసార్టాన్ 40" అని కొడితే మూడూ వరసగా వస్తాయి, చవకగా ఉన్నది పైన కూర్చుంటుంది. మెట్‌ఫార్మిన్ కూడా అంతే: ఎస్సార్, ఈఆర్, పీఆర్ అన్నవి నెమ్మదిగా కరిగే రకం. ఏమీ రాయనిది మామూలు రకం, ఒకదానికి బదులు ఒకటి వేసుకోకూడదు. ఎస్సార్ మాత్రను విరిచి సగం వేయడం కూడా వద్దు.

థైరాక్సిన్‌కు కంపెనీ మార్చకండి. అందులో కొద్ది తేడా కూడా రక్తపరీక్షలో తెలుస్తుంది. మూర్ఛ మందులు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ కూడా ఈ కోవే. తప్పక మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పి, థైరాయిడ్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఖర్చు ముందు కూపన్ ఎంత!

ఇన్సులిన్ సంగతి ఇంకా జాగ్రత్త. సీసాల్లో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్ను కార్ట్రిడ్జిలో వచ్చేది 100 యూనిట్లది. సిరంజీల్లో ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. "పెన్ను సూదులు ఖరీదు" అని 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీతో లాగితే, గీత అదే ఉన్నా ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు. షుగరు పడిపోయి ఆసుపత్రి పాలవుతారు. తగ్గింపు ఉందని ఒకటికి ఒకటి మార్చే ముందు డబ్బా మీద ఆ 40నో 100నో చదవండి.

బరంపురం బండి

మీ పట్టీలో అసలు పెద్ద ఆదా మీరు అడగని చోట ఉంది. జన్ ఔషధి కేంద్రం, అంటే కంపెనీ బ్రాండు లేకుండా మందు అసలు పేరుతోనే అమ్మే ప్రభుత్వ పథకం షాపు. కూపన్ లేదు, పాయింట్లు లేవు, సభ్యత్వం లేదు. కంపెనీ మందుతో పోలిస్తే ధర సగం నుంచి 80 శాతం దాకా తక్కువ. థైరాక్సిన్ తీసేసి మీ మాత్రలు 1400 అనుకుంటే, సగం పడ్డా 700 మిగిలింది, ఊళ్లో షాపు ఇచ్చే 12 శాతం (168) తీసేసినా 532. మాస్టారు చెమటోడ్చి తీసిన 81 పక్కన పెట్టి చూడండి.

చేయాల్సింది: జన్ ఔషధి సుగమ్ యాప్ దించుకుని, కంపెనీ పేరుతో కాదు, మందు అసలు పేరుతో వెతకండి. డాక్టరు చీటీ మీద అసలు పేరు లేకపోతే అట్ట మీద కంపోజిషన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఫోటో తీసుకోండి. దగ్గరి కేంద్రం ఎక్కడో కూడా అందులోనే ఉంటుంది.

ఇబ్బంది ఒక్కటే, సరుకు. ఈ నెల ఉన్న మందు వచ్చే నెల ఉండకపోవచ్చు. ముఖ్యంగా రెండు మందులు కలిపిన మాత్రలు అయిపోతూ ఉంటాయి. అందుకని వెళ్లేముందు ఫోన్ చేసి, మీ మూడు మందులూ ఉన్నాయా, గడువు ఎప్పటిదాకా అని అడిగి వెళ్లండి. ఉంటే రెండు నెలలకు తీసుకోండి, ఆరు నెలలకు వద్దు. డాక్టరు మధ్యలో మోతాదు మారిస్తే మిగిలినవి దండగ.

ఇంకోటి, ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ అనే పథకం కింద మందులు ఉచితం. బీపీ, షుగరు మామూలు మందులు అక్కడ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఓపీ చీటీ మీద రాసిన మందే ఇస్తారు, బయటి డాక్టరు చీటీ తీసుకెళ్లి కిటికీ దగ్గర పెడితే ఇవ్వరు. ముందు ఓపీలో చూపించుకోవాలి.

మహేంద్రతనయ గట్టు

అందరికీ ధన్యవాదాలు. రెండు అనుమానాలు. ఒకటి, జన్ ఔషధికి మారిస్తే షాపులో పాయింట్లు పోతాయి కదా, ఇప్పటికే 600 దాకా ఉన్నాయి. రెండు, యాప్‌లో పర్లాకిమిడి పిన్ పెడితే ఒకటీ, పాతపట్నం పిన్ పెడితే ఇంకొకటీ చూపిస్తోంది. ఎందుకు?

లెక్కల పంతులు

600 పాయింట్లంటే 600 రూపాయలని ఎవరన్నారు? అది ముందు అడగండి. అపోలో వాళ్ల హెల్త్ క్రెడిట్ ఒకటి ఒక రూపాయి, టాటా వాళ్ల న్యూకాయిన్ ఒకటి ఒక రూపాయి. కానీ చిన్న గొలుసు షాపుల్లో పాయింటుకు 25 పైసలు, 10 పైసలు కూడా ఉంటాయి. నూరు రూపాయలకు ఒక పాయింటు ఇచ్చి, పాయింటుకు 25 పైసలు కడితే అది పావు శాతం తగ్గింపు. మీ 600 పాయింట్లు 150 రూపాయలు. దానికోసం నెలనెలా 532 ఆదా వదులుకుంటారా?

అడగాల్సినవి నాలుగు: పాయింటు విలువ ఎంత, గడువు ఎప్పుడు, ఒక బిల్లులో ఎన్ని వాడనిస్తారు, తగ్గింపు తీసిన సరుకు మీద పాయింట్లు పడతాయా. నాలుగోదానికి జవాబు ఎక్కువగా "పడవు" అనే వస్తుంది. పాయింట్లు ఉన్నవాటిని ఈ నెలే డైపర్ల మీద వాడేసి చేతులు కడుక్కోండి. దాచుకుంటే వడ్డీ పెరగదు, గడువు మాత్రం దగ్గర పడుతుంది.

పిన్ సంగతి: యాప్‌లు సరుకు పంపేది ఏ గోదాము నుంచి, ఏ షాపు నుంచి అన్నది పిన్‌ను బట్టి మారుతుంది. రెండు ఊళ్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానికి ఒడిశా గోదాము, ఇంకొకదానికి ఆంధ్ర గోదాము తగలొచ్చు. దాంతో రోజులు, డెలివరీ ఖర్చు, కొన్ని కూపన్లు మారతాయి. పర్లాకిమిడి పిన్ 761200 పెట్టి ఒకసారి, పాతపట్నం పిన్ పెట్టి ఒకసారి బుట్ట చివరి పేజీ చూడండి. ఆ వైపు బంధువులుంటే వాళ్ల చిరునామాకు తెప్పించుకోవచ్చు. ఇన్సులిన్ మాత్రం ఇలా తిప్పకండి.

కౌంటర్ వెనక

ఇన్సులిన్ మీద పంతులుగారి మాటకు కారణం కూడా చెప్తాను. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొరియరులో మే నెలలో మూడు రోజులు తిరిగిన పెట్టెలో ఐస్ ప్యాక్ నీళ్లయిపోయి ఉంటుంది. చూడ్డానికి మందు మామూలుగానే కనిపిస్తుంది, పని మాత్రం తగ్గుతుంది. ఫ్రిజ్ సరుకు వెనక్కి తీసుకోరు కూడా. ఇన్సులిన్ ఊళ్లోనే కొనండి, తగ్గింపు తక్కువైనా సరే. ఐస్ ముక్క పక్కన గుడ్డ చుట్టి పెట్టుకుని తీసుకెళ్లండి, ఐస్‌కు నేరుగా ఆనించకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

పాయింట్లలో ఒక చిన్న కిటుకు. బిల్లు కొట్టేటప్పుడు మీ నంబరు చెప్పకపోతే కొన్నిచోట్ల కౌంటర్ కుర్రాడు తన నంబరు కొట్టేసుకుంటాడు. పాయింట్లు అతని ఖాతాలో పడతాయి. అంతకంటే నష్టం, ఆ బిల్లు మీ పేరున ఉండదు, మందు మార్చుకోవాలన్నా దారి ఉండదు. బిల్లు మీద నంబరు, బ్యాచ్, గడువు మూడూ చూసి బయటికి రండి. అర అట్ట కొంటే బ్యాచ్, గడువు అచ్చయిన కొస మీకు వచ్చేలా కోయమనండి. ఆ కొస లేని ముక్కను ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఇంకో మాట, టెల్మిసార్టాన్ మాత్రలు తేమ పీల్చుకుంటాయి. రెండు నెలలకు కొన్నారని అట్టలోంచి ఒలిచి వారం డబ్బాలో పోయొద్దు. వేసుకునేటప్పుడే ఒలవాలి.

పాత అట్ట

డైపర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. మందుల కూపన్లు చాలావరకు "మందులకు మాత్రమే" అని ఉంటాయి, డైపర్లు బుట్టలో ఉంటే 1200 లెక్కలోకి రావు. డైపరును ప్యాకెట్ ధరతో చూడకుండా ముక్క ఒక్కింటికి ఎంతో చూడండి. 10 ఉన్న ప్యాకెట్ 25 శాతం తగ్గింపులో కంటే 30 ఉన్న ప్యాకెట్ మామూలు ధరలో చవక పడటం కద్దు. సైజు నడుం కొలత బట్టి, ఒకసారి తప్పు సైజు తెరిస్తే వెనక్కి ఇవ్వలేరు. ముందు చిన్న ప్యాకెట్ తీసుకోండి.

షుగరు స్ట్రిప్పులకు "మీటరు ఉచితం" అన్నది చూసి పడిపోకండి. మీటరు ఒకసారి, స్ట్రిప్పులు ఎప్పటికీ. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో కంపెనీ మీటరులో పట్టదు. 50 స్ట్రిప్పుల డబ్బా చవకే, కానీ కొన్ని కంపెనీలవి డబ్బా తెరిచాక కొన్ని నెలల్లోనే వాడేయాలి. వారానికి రెండుసార్లు చూసుకునేవాళ్లకు 25 డబ్బానే నయం. తెరిచిన తేదీ మూత మీద పెన్నుతో రాయండి.

ఇంట్లో పసిపిల్లలుంటే, పాలపొడి డబ్బా మీద కూపన్ పనిచేయలేదని యాప్‌ను తిట్టుకోకండి. 1992 చట్టం ప్రకారం పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకు తగ్గింపు కూపన్లతో ప్రచారం చేయకూడదు.

బరంపురం బండి

యాప్‌లో ఆర్డరు పెట్టినా మాత్రలు అయిపోయే రోజుకు పది రోజుల ముందే పెట్టండి. మన వైపు రెండు రోజులన్నది అయిదు రోజులు పడుతుంది. ఒక మందు సరుకు లేదని మధ్యలో తీసేస్తే బిల్లు 1200 కంటే కిందికి పోయి కూపన్ తగ్గించేస్తారు, అప్పుడు ఫోన్ చేసి రద్దు చేసుకోవాలా వద్దా తేల్చుకోండి. రద్దయితే కూపన్ తిరిగి రాకపోవచ్చు. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయండి, గడువు మూడు నెలల్లోపు ఉంటే అదే రోజు వెనక్కి పెట్టండి.

చీటీ ఉండాలి, అది గుర్తుంచుకోండి. పేరు, వయసు, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కనపడేలా ఫోటో. "3 నెలలు కొనసాగించాలి" అని డాక్టరు చేత రాయించుకుంటే నెలనెలా కొత్త చీటీ అడగరు.

మహేంద్రతనయ గట్టు

సరే, ఇలా అనుకుంటున్నాను. బీపీ, షుగరు, కొలెస్టరాల్ మాత్రలు జన్ ఔషధి నుంచి, ముందు డాక్టరుకు అట్ట చూపించి. థైరాక్సిన్ అదే కంపెనీ, ఇన్సులిన్‌తో పాటు ఊళ్లో షాపులో. డైపర్లు పెద్ద ప్యాకెట్, పాయింట్లు దాని మీదే. సభ్యత్వం వద్దు. ఎక్కడైనా తప్పుందా?

కౌంటర్ వెనక

తప్పు లేదు. జన్ ఔషధి మాత్రలు మొదలుపెట్టాక రెండు వారాలు బీపీ, షుగరు ఇంట్లో చూసి పుస్తకంలో రాయండి. అంకెలు పాతవాటితో సరిపోతే అలాగే కొనసాగించండి, మారితే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత అట్ట ఒకటి పారేయకుండా ఉంచుకోండి, పేరు చివరి అక్షరం పోల్చుకోవడానికి.